‘ట్యారీ’ కథ

‘ట్యారీ’ అనే పాత ఇంగ్లీషు క్రియ గురించి ఈరోజు చెప్పుకుందాం. కదలాల్సిన వేళ కదలకపోవడం, జాప్యం చేయడం, ఒకచోట కొంతకాలం ఉండిపోవడం, ఎవరికోసమైనా వేచి ఉండడం దీని అర్థాలు. 14వ శతాబ్దం నుంచీ వాడుకలో ఉన్నా, ఇది ఎక్కడ పుట్టిందో భాషావేత్తలు ఇంకా తేల్చలేదు.

షేక్‌స్పియర్ ‘మర్చంట్ ఆఫ్ వెనిస్’ నాటకంలో వడ్డీ వ్యాపారి షైలాక్ కత్తి పట్టుకుని బాకీదారు ఒంటి నుంచి పౌండు మాంసం కోయబోతుంటే, న్యాయవాది వేషంలో ఉన్న పోర్షియా అతణ్ని ఆపింది ఈ మాటతోనే. అక్కడ దానర్థం ‘కాస్త ఆగు’ అని.

1582లో రాబర్ట్ బ్రౌన్ అనే మతసంస్కర్త ఈ పదాన్ని తన పుస్తకం పేరులోనే పెట్టాడు. చర్చిని సంస్కరించడానికి ప్రభుత్వం కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదన్నది ఆయన వాదం. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిల్‌లో, పరిశుద్ధాత్మ శక్తి వచ్చేదాకా యెరూషలేములోనే నిలిచి ఉండమని యేసు శిష్యులకు చెప్పే చోటా ఇదే మాట. అందుకే అమెరికా పెంతెకొస్తు సంఘాల్లో పరిశుద్ధాత్మ కోసం ఎదురుచూసే ప్రార్థనలకు ‘ట్యారీయింగ్ మీటింగ్స్’ అనే పేరొచ్చింది.

దీనికి దగ్గరి మాటలున్నాయి. ‘లాయిటర్’ అంటే పనీపాటా లేక తచ్చాడడం; అందులో కొంత అనుమానం ధ్వనిస్తుంది. ‘లింగర్’లో వెళ్లాలనిపించని మమకారం ఉంటుంది. ‘ట్యారీ’లో ఆలస్యమే ప్రధానం.

ఇంకో సంగతి. ఇవే ఇంగ్లీషు అక్షరాలను ‘టారీ’ అని పలికితే తారు పూసినది అని అర్థం. నేటి సంభాషణలో ‘ట్యారీ’ అరుదు. ఎవరైనా వాడితే కవితాత్మకంగానో, సరదాకో అనుకోవచ్చు.