వ్రాతప్రతితో బొమ్మలు పంపవలెనా?

పుస్తకరచన ముగిసిన వెంటనే చాలమంది రచయితలకు, విశేషముగా పిల్లల కొరకు వ్రాయువారికి, ఒక సందేహము కలుగును. ప్రకాశకులకు వ్రాతప్రతితోపాటు బొమ్మలను కూడ పంపవలెనా? కొందరు, పుస్తకమునకు అంగీకారము లభింపకముందే, చేతి సొమ్ము వెచ్చించి బొమ్మలన్నియు వేయింతురు. కథ నచ్చి బొమ్మలు నచ్చనిచో ప్రకాశకునకు చిక్కు, రచయితకు నష్టము, చిత్రకారునకు మనఃక్లేశము.

ఈ విషయమున రెండు ఆంగ్ల గ్రంథముల చరిత్ర మనకు దారి చూపును. లూయిస్ కారల్ తన ఆలిస్ కథను స్వహస్తముతో వ్రాసి, 37 బొమ్మలు తానే గీసి, 1864లో ఒక బాలికకు కానుకగా నిచ్చెను. కాని 1865లో ఆ కథ అచ్చునకు వచ్చినపుడు తన బొమ్మలను ప్రక్కనుంచి, జాన్ టెనియల్ అను చిత్రకారునిచే 42 బొమ్మలు వేయించెను. బియాట్రిక్స్ పాటర్ త్రోవ వేరు. ఆమె కథకురాలును, చిత్రకర్త్రియును. పలువురు ప్రకాశకులు నిరాకరింపగా, 1901లో పీటర్ కుందేలు కథను స్వంత ఖర్చుతో 250 ప్రతులు అచ్చు వేయించెను. మరుసటి యేడు ఫ్రెడరిక్ వార్న్ సంస్థ దానిని ఆమె రంగుల బొమ్మలతోనే ప్రకటించెను.

కనుక బొమ్మ వేరొకరి చేతిపని యైనచో వ్రాతప్రతిని మాత్రమే పంపుట మేలు. చిత్రకారుని ఎన్నుకొనుట సాధారణముగా ప్రకాశకుని పని. రచయితయే చిత్రకారుడైనచో రెండు మూడు పూర్తి చిత్రములును, తక్కిన పుటలకు చిత్తుగీతలును చాలును. శాస్త్రగ్రంథముల సంగతి వేరు. అందు పటము లేనిదే వాక్యము బోధపడకపోవచ్చును. అట్టి పటములకు వరుససంఖ్యలు వేసి, ఏది ఎచ్చట రావలెనో వ్రాతప్రతిలో సూచింపవలెను.

పంపునది ఎల్లప్పుడును నకలే కావలెను. టపాలో పోయిన అసలు బొమ్మ మరల రాదు.

ఇక హక్కుల మాట. మన 1957 నాటి కాపీరైటు చట్టము ననుసరించి, హక్కును మరియొకరికి బదలాయించుట వ్రాతమూలకముగా, హక్కుదారుని సంతకముతో జరిగిననే చెల్లును. కాలపరిమితి పేర్కొననిచో అది 5 సంవత్సరములుగా భావింపబడును. మిత్రుడు ప్రేమతో గీసి యిచ్చిన బొమ్మ విషయమున సైతము కాగితము వ్రాసికొనుట అవిశ్వాసము కాదు, ఆ స్నేహమునకే రక్ష. మరియు కథకుని పేరు అట్టపై వెలుగుచుండగా, చిత్రకారుని పేరు లోపలి పుటలోనైనను లేకుండుట న్యాయము కాదు.