మన బడి గుమ్మము



ప్రైవేటు బడికి ప్రజల డబ్బు ఇచ్చుట క్రొత్త సంగతి కాదు. 1854 నాటి ఉడ్ విద్యాపత్రము మిషను బడులకు గ్రాంటుల దారి తెరచినది. మన తాతలలో ఎందరో అక్షరములు దిద్దినది అట్టి బడులలోనే.

2009 విద్యాహక్కు చట్టము ఆ డబ్బును బిడ్డ లెక్కన ఇచ్చుచున్నది. ప్రైవేటు బడి ఒకటవ తరగతిలో నూటికి 25 సీట్లు బీద, బలహీనవర్గముల పిల్లలకిచ్చి, ఎనిమిదవ తరగతి వరకు ఉచితముగా చదివించవలెను. ప్రభుత్వము ఒక పరిమితికి లోబడి ఆ బడికి తిరిగి చెల్లించును. మన రాష్ట్రములో ఇది 2022-23లో గాని అమలుకు రాలేదు.

ప్రైవేటు బడి అనగానే చదువు వచ్చునని మేము చెప్పుట లేదు. ఉమ్మడి రాష్ట్రములో 2008లో మొదలైన వోచరు ప్రయోగములో లాటరీ తగిలిన పిల్లలు, నాలుగేండ్ల తరువాత తెలుగులో, లెక్కలలో మిగిలినవారితో సమానముగనే యుండిరి. హిందీలో మాత్రము ముందుండిరి.

అయితే మన బడులకు ఈ 25 సీట్ల బాధ్యత లేదు. 2014లో ప్రమతి కేసులో సుప్రీంకోర్టు మైనారిటీ విద్యాసంస్థలను మినహాయించినది. 2025లో మరియొక ధర్మాసనము ఆ తీర్పును సందేహించినది. మన బడులను మనమే నడుపుకొను హక్కు చిన్నది కాదు, దానిని మేము వదలుకొనము. కాని కనిగిరిలో మిరపకోతకు పోవు తల్లి బిడ్డను చేతబట్టుకొని మన ఆఫీసు గుమ్మములో నిలిచినపుడు, ఆ హక్కును చూపి త్రిప్పి పంపుదుమా? ప్రక్క బడి చట్టమునకు భయపడియైనను చేర్చుకొనును గదా!

మనమే ఆ సీట్లు ఇచ్చినచో సర్కారు చెల్లించదు, సంఘమే భరించవలెను. శతవార్షిక నిధిలో గోపురపు రంగులకెంత, ఈ ఫీజులకెంత అన్నది జూన్ అడ్మిషన్లకు ముందే కమిటీ తేల్చవలెనని మా మనవి.