ఎండ - ఆకు - మన చర్మము

వేసవి మధ్యాహ్నమున మనము నీడకు పరుగెత్తుదుము. పెరటిలోని మునగచెట్టునకు అట్టి వెసులుబాటు లేదు. నిలిచినచోటనే నిలిచి దినమంతయు ఎండను భరింపవలెను. ఆహారము సిద్ధము చేసికొనుటకు దానికి ఆ ఎండయే ఆధారము; మితిమీరినచో ఆ ఎండయే ఆకును చెరచును. ఈ చిక్కునుండి బయటపడుటకై చెట్టు కొన్ని రక్షక పదార్థములను తనలో తయారు చేసికొనుచున్నది. శాస్త్రజ్ఞులు యాంటీ ఆక్సిడెంట్లని పిలుచు పదార్థములు వీనిలో ముఖ్యమైనవి. ఇవి మన చర్మమునకును రక్ష కాగలవా? మాకు వచ్చు శ్రోతల ఉత్తరములలో ఈ ప్రశ్న తరచుగా కనిపించుచుండును. ఎంతవరకు కాగలవో ఈనాడు విచారింతము.

ఎండలోని అతినీలలోహిత కిరణములు చర్మమును సోకినపుడు అందలి జీవకణములలో ఫ్రీ రాడికల్స్ అను మిక్కిలి చురుకైన అణువులు పుట్టును. జతలేని ఎలక్ట్రాను గల ఈ అణువులు పొరుగు అణువునుండి మరియొక ఎలక్ట్రానును లాగుకొనును. పోగొట్టుకొన్నది వేరొకదానిపై పడును. ఈ దోపిడివలన కణపు పొరలోని క్రొవ్వు, కణములోని మాంసకృత్తులు, తుదకు వంశలక్షణములను మోయు డి.ఎన్.ఎ. కూడ దెబ్బతినును. అకాలమున ముడుతలు పడుటలోను, చర్మపు క్యాన్సరు పుట్టుటలోను ఈ హానికి పాత్ర కలదు. యాంటీ ఆక్సిడెంటు తన ఎలక్ట్రానును తానే ఇచ్చి దోపిడిని నిలుపును. అయితే అతినీలలోహిత కిరణములు డి.ఎన్.ఎ.ను తిన్నగా తాకి చెరచుటయు కలదు. అచట ఈ దానము పనిచేయదు. ఈ సంగతి మనము జ్ఞాపకముంచుకొనవలెను.

మన శరీరము కొన్ని రక్షక ఎంజైములను స్వయముగా చేసికొనగలదు. సి విటమినును, ఇ విటమినును మాత్రము చేసికొనలేదు. వానికి చెట్టుచేమలనే ఆశ్రయింపవలెను. ఉసిరిక, జామ, మునగాకు సి విటమినునకు నెలవులు. వేరుసెనగలోను, ప్రొద్దుతిరుగుడు నూనెలోను ఇ విటమిను కలదు. తోటకూరలోను, క్యారెట్టులోను కెరోటిను కలదు. ఎలక్ట్రానునిచ్చి శక్తి కోల్పోయిన ఇ విటమినును సి విటమిను తిరిగి పనికి సిద్ధపరచును. చర్మమునకు బిగువునిచ్చు కొల్లాజెను చక్కగా ఏర్పడుటకును సి విటమినే కావలెను. అది బొత్తిగా కరవైనవారికి స్కర్వీ వ్యాధి వచ్చును; చర్మము క్రింద నెత్తుటి చుక్కలు కనబడును, గాయములు మానవు.

ఇంత మేలు చేయు పదార్థమును మాత్రగా మ్రింగినచో మేలు ఇనుమడింపదా? ఇట్టి ఆశతోనే కొన్ని పెద్ద పరీక్షలు జరిగినవి. అమెరికాలో అంతకుముందు చర్మపు క్యాన్సరు వచ్చిన 1,805 మందిలో కొందరికి దినమునకు 50 మిల్లీగ్రాముల బీటా కెరోటినును, తక్కినవారికి మందులేని మాత్రను ఇచ్చి, ఐదేండ్లు పరిశీలించిరి. క్రొత్త క్యాన్సర్లు తగ్గలేదని 1990లో తేలినది. ఫిన్లాండులో 29,133 మంది పొగత్రాగు పురుషులపై జరిగిన పరీక్షలో బీటా కెరోటిను మ్రింగినవారికి ఊపిరితిత్తుల క్యాన్సరు సుమారు 18 శాతము అధికముగా వచ్చినట్లు 1994లో వెల్లడియైనది. ఫ్రాన్సులో దాదాపు 13,000 మందిని ఏడున్నర సంవత్సరములు పరిశీలింపగా, సి, ఇ విటమినులు, బీటా కెరోటిను, సెలీనియము, జింకు కలిసిన మాత్ర తీసికొన్న స్త్రీలలో చర్మపు క్యాన్సర్లు ఎక్కువగా కనబడెనని 2007లో ప్రకటించిరి. ఆహారములో హితవైనది మాత్రలోను హితవే యగునని అనుకొనరాదని వీనివలన మనము గ్రహింపవలెను.

పైపూతల విషయమునను జాగ్రత్త అవసరము. నిమ్మరసము చర్మమునకు రాచుకొని ఎండలోనికి పోయినచో, అందలి కొన్ని పదార్థములు ఎండతో కలిసి బొబ్బలెక్కించి నల్లని మచ్చలు మిగుల్చును. సి విటమిను వెలుతురుకు, గాలికి త్వరగా చెడునది. సీసాపై పేరు కనబడినంతమాత్రమున లోపల గుణము నిలిచియున్నదని నమ్మరాదు.

కావున గృహిణులు చేయదగినది సులభమైనదే. ఆకుకూరను తరుగకముందే కడుగుడు. తరిగిన పిదప కడిగినచో సి విటమిను నీటిపాలగును. వండుటలో కొంచెము నూనె చేర్చుడు. కెరోటిను నూనెతో కూడినపుడే చక్కగా వంటబట్టును. దొరకు కాలమున ఉసిరికాయను, జామపండును పిల్లల చేతికిండు. పది గంటలు మొదలు నాలుగు గంటలవరకు ఎండలో తిరుగవలసివచ్చినచో గొడుగును, నిండు చేతుల చొక్కాను మరువకుడు. మానని పుండుగాని, రూపు మారుచున్న పుట్టుమచ్చగాని కనబడినచో ఆకుపసరులతో కాలము గడుపక వైద్యునకు చూపుడు.

చెట్టు మనకు రెండు విధముల రక్షనిచ్చుచున్నది. కూరయై పళ్లెములో ఒకటి, నీడయై దారిలో మరియొకటి. మొదటిది దొరికినదని రెండవదానిని విడువరాదని మా మనవి.