క్రొత్త బాటపై నిలిచిన నీరు



క్రొత్తగా వేసిన సిమెంటు బాటపై వాననీరు ఏల నిలుచును? దానిని తొలగించు మార్గమేమి? నేటి ప్రసంగమునకు ఇదియే విషయము. వినుటకు చిన్న విషయమే. కాని బందరు మొదలు గుడివాడవరకును, ఇటు దివిసీమయందును, ఈ బాధ నెరుగని గ్రామములు అరుదు. బాట వచ్చినదని సంతోషించునంతలో తొలివానకే చీలమండలోతు నీరు నిలుచును. వృద్ధులు జారిపడుదురు, దోమలు పెరుగును, గోడల పునాదులు నానును. నీ నీరు నా వాకిటికి వచ్చినదని ఇరుగుపొరుగులకు తగవులు పుట్టును.

నీరు పల్లమెరుగునని పెద్దల మాట. మన సీమలో ఆ పల్లమే కరవు. కృష్ణ తెచ్చిన ఒండ్రుమట్టితో ఏర్పడిన నేల ఇది. తీరమునకు పోయినకొలది సముద్రమట్టముకంటె కొలది అడుగుల ఎత్తు మాత్రమే యుండును. 1855లో బెజవాడ ఆనకట్ట పూర్తియైన పిదప నీటిని తెచ్చుటకు కాలువలు విస్తరించినవి. పులిగడ్డకడ కృష్ణపాయపై అక్విడక్టు కట్టి దివిసీమకు పంటనీటిని దాటించిరి. వచ్చిన నీరు పోవు దారినిగూర్చి అంతటి శ్రద్ధ కలుగుటకు చాలకాలము పట్టినది. డెల్టా మురుగును విచారించుటకు 1964లో మిత్రా సంఘము ఏర్పడుటయు, 1968లో మురుగుపన్ను చట్టము వచ్చుటయు ఇందుకు నిదర్శనములు. నాడు పొలములలో కనబడిన లోపమే నేడు వీధులలో కనబడుచున్నది.

2024 అక్టోబరులో కంకిపాడున పల్లెపండుగ ఆరంభమైన పిమ్మట పల్లెలలో సిమెంటు బాటల పని ముమ్మరమైనది. మంచిదే. కాని మట్టిబాట కొంత నీటిని పీల్చుకొనెడిది, సిమెంటు పీల్చుకొనదు. పాతబాటను త్రవ్వక దానిపైననే క్రొత్తది పోయుటచే వీధి మెరకయై, ఇండ్లు పల్లమున పడును. నేనెరిగిన యొక వీధిలో ఇట్లు రెండుమారులు పోసిరి. పూర్వము మూడుమెట్లెక్కి ఇంటిలోనికి పోవువారు ఇప్పుడు ఒక మెట్టు దిగి పోవుచున్నారు.

కావున నా మొదటి మనవి యిది: కొలతను మన వాకిటినుండి గాక, నీరు చేరవలసిన చివరినుండి ఆరంభింపవలెను. ఊరి మురుగుకోడులో శ్రావణ భాద్రపదములందు నీరు ఎంతమట్టమున నుండునో ముందుగా గుర్తింపుడు. అచ్చటనుండి తాపీమేస్త్రీలు వాడు నీటిగొట్టముతో మట్టము చూచుకొనుచు వీధివరకు రావలెను. సిమెంటు కాలువకు నూరడుగులకు నాలుగంగుళముల వాలైన నుండుట మేలు. అట్లైన వెయ్యి అడుగుల కాలువ చివర మూడడుగుల నాలుగంగుళములు దిగును. అప్పటికి అది కోడునీటికంటె దిగువకు పోయినచో ఆ కాలువ వ్యర్థము. అట్టిచోట ఒక్క దీర్ఘమైన కాలువకు మారుగా, దగ్గరి కోడులకు పోవు చిన్నకాలువలు రెండుమూడు త్రవ్వుట యుక్తము. సముద్రతీర గ్రామములలో పోటు సమయమున ఉప్పునీరు ఎదురెక్కును గనుక, కాలువ చివర బయటికి మాత్రమే తెరచుకొను తలుపు ఉండవలెను.

రెండవది, బాట నడుమ మెరకగా నుండవలెను. సిమెంటు బాటకు ఏబదింట ఒకపాలు వాలు సామాన్యముగా చాలును. పదియడుగుల బాటకు నడుమనుండి అంచునకు అంగుళముపైన కొంచెము దిగిన సరిపోవును. నల్లరేగడి తడిసిన ఉబ్బును, ఎండిన బీటలువారును. దానిపై ఇసుకయో గ్రావెలో పరచి, తడిపి, గట్టిగా దిమ్మిస చేయక సిమెంటు పోసినచో పలకలు క్రుంగి గుంటలు పడును.

ఇదివరకే వేసిన బాటల మాట యేమందురా? ముందుగా అంచులవెంట పేరుకొన్న మట్టిని చెక్కి తీయింపుడు. పెక్కుచోట్ల నీటిని ఆపునది ఆ గట్టే. ఇంటిముందు ర్యాంపు కట్టుకొనువారు కాలువను పూడ్చక దానిక్రింద సిమెంటు తూర వేయవలెను. పలక క్రుంగినచోట పలుచని సిమెంటు పూత నిలువదు. ఆ పలకను కోసి తీసి, అడుగును సరిచేసి మరల పోయవలెను. కొందరు ఇంకుడుగుంట త్రవ్వుమందురు. మెట్టసీమలలో అది గొప్ప ఉపాయము. మన రేగడినేలలో, వానకాలమున భూగర్భజలము పైకి వచ్చి యున్నప్పుడు, ఆ గుంట ఇంకించుకొనదు, తానే నిండిపోవును.

గ్రామసభలో బాటకు సమ్మతి తెలుపు వేళ పెద్దలు మూడు ప్రశ్నలు వేయుదురుగాక: నీరు ఏ కోడులో కలియును? క్రొత్తబాట మా గడపలకంటె ఎత్తగునా? కాలువ పని బాటకు ముందా, వెనుకనా? వీనికి కొలతలతో సమాధానము వచ్చినపిదపనే సంతకము చేయుట మంచిది. బాట పోసిన తరువాత వాలు కల్పించుట కష్టము. ముందైన అది ఒకదినపు కొలతపని మాత్రమే.