ఊరికి దూరంగా ఉన్న మన భవనానికి కరెంటు

(ఆదివాసీ దినోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

మన సంస్కృతి గురించి పెద్దలు చెప్పారు. నేను కరెంటు పని చేసినోణ్ణి, కరెంటు సంగతే చెప్తాను. పెన్ ఠాణా, రాయి సెంటర్ భవనం, పిల్లలు రాత్రి చదువుకునే హాలు చాలా చోట్ల ఊరికి దూరంగా ఉంటాయి. ఆఖరు స్తంభం ఊళ్లోనే ఆగిపోతుంది. అప్పుడు చందాలు వేసుకుని ఒక వైరు కట్ట కొని, చెట్ల మీదుగా లాగేస్తాం. దండారి రోజు మైకు గురగురమంటుంది, ఫ్యాన్లు మెల్లగా తిరుగుతాయి, మోటరు మూలుగుతుంది గానీ తిరగదు. తప్పు మైకుదీ కాదు, మోటరుదీ కాదు. దూరానిది.

లెక్క చూడండి. భవనం 600 మీటర్ల దూరం. లైట్లు, ఫ్యాన్లు, మైకు, ఒక మోటరు కలిపి 4 కిలోవాట్లు, అంటే 17 ఆంపియర్లకు పైనే. 10 స్క్వేర్ ఎంఎం అల్యూమినియం తీగ కిలోమీటరుకు దాదాపు 3 ఓమ్‌లు అడ్డుపడుతుంది. కరెంటు పోవాలి, మళ్లీ రావాలి, కాబట్టి తీగ పొడవు 600 కాదు, 1200 మీటర్లు. దారిలోనే 60 వోల్టుల పైన పోతుంది. ఫ్యాన్లూ లైట్లూ ఆ తక్కువ వోల్టేజీకి కొంత సర్దుకున్నా, 230 బయలుదేరినచోట చివరికి చేరేది 170, 180. స్టెబిలైజరు పెడదామంటారు. అది వోల్టేజీ పెంచడానికి ఇంకా ఎక్కువ కరెంటు లాగుతుంది, తీగలో ఇంకా ఎక్కువ పోతుంది. దుకాణదారుకు తప్ప ఎవరికీ లాభం లేదు.

మరి ఏం చేయాలి? ఊళ్లో త్రీఫేజ్ ఉంటే అదే అడగండి. అదే 10 స్క్వేర్ ఎంఎం తీగ, నాలుగు తీగల కేబుల్‌గా వేసి, లోడును మూడు ఫేజులకు సమానంగా పంచితే ఒక్కో దాంట్లో 6 ఆంపియర్లే. తిరుగు తీగలో దాదాపు ఏమీ పోదు. పోయే వోల్టేజీ 64 నుంచి 11కి దిగుతుంది. కాని ఫ్యాన్లన్నీ ఒకే ఫేజు మీద పెట్టారంటే మళ్లీ మొదటి కథే. ఇంకా దూరమైతే 11 కేవీ లైనునే భవనం దాకా తెచ్చి చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టించుకోవాలి. అంత వోల్టేజీలో మన 4 కిలోవాట్లకు పావు ఆంపియరు కూడా పారదు.

ఇంకో మాట, దీన్ని యువకులు రాసుకోండి. మీటరు ఆఖరు స్తంభం దగ్గర పెట్టించుకుంటే దాని తర్వాత 600 మీటర్ల బాధ్యత మనదే. భవనం గోడకు పెట్టించుకుంటే అక్కడి దాకా లైను వాళ్లది. దరఖాస్తులో ఈ ఒక్క ముక్క పట్టుబట్టి రాయించండి.

నాకు భయం వేసేది లో వోల్టేజీ కాదు. వానాకాలంలో కొమ్మ విరిగి తీగలు రెండూ భవనం దగ్గర కలిసిపోతే, ఇంత పొడుగు వైరులో 60 ఆంపియర్లే పారతాయి. 32 ఆంపియర్ల ఎంసీబీ దాన్ని వెంటనే షార్ట్ అనుకోదు. అందాకా వైరు కాలుతూనే ఉంటుంది. తెగిన తీగ తడి నేల మీద పడితే ఇంకా అన్యాయం. ఎంసీబీకి తెలియనే తెలియదు. పశువు తొక్కినా పిల్లవాడు తొక్కినా అంతే. అందుకే స్తంభం వైపే ఒక ఆర్‌సీసీబీ, భవనంలో 30 మిల్లీఆంపియర్లది ఇంకొకటి, భవనం దగ్గర వేరే ఎర్తింగ్. ఖర్చు అనకండి.

స్తంభాలు పాతబోతే అడవి భూమి అని ఆపుతారు. 2006 అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ చూపించండి. ఊరి సౌకర్యాల జాబితాలో కరెంటు లైన్లు ఉన్నాయి, సోలారు లాంటివీ ఉన్నాయి, సామాజిక భవనాలూ ఉన్నాయి. ఒక్కో పనికి హెక్టారు లోపు భూమి, హెక్టారుకు 75 చెట్లు మించకుండా, గ్రామసభ సిఫారసుతో. అంటే మొదటి కాగితం మన చేతుల్లోంచే పోవాలి.

ఆ తీర్మానంలో ‘కరెంటు కావాలి’ అని ఒక్క మాట రాస్తే సరిపోదు. స్తంభం నుంచి దూరం టేపుతో కొలిచి రాయండి, ఎన్ని కిలోవాట్లో రాయండి, త్రీఫేజ్ అని రాయండి. వోల్టేజీ కొలిచే మీటరు నా సంచిలో ఉంది. భోజనాలయ్యాక ఈ హాలు చివరి బోర్డు దగ్గరికి రండి, ఎలా చూడాలో పిల్లలకు చూపిస్తాను.