సైకిలు కొన్నాం, సీటు సరిచేయలేదు

(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమని కమిటీవారు మమ్మల్ని అడిగారు. మేము డాక్టర్లం కాము, బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం. అందుకని మా ఇంట్లో జరిగిన ఒక సంగతి చెబుతాము. అందులో మా పొరపాటు కూడా ఉంది.

మా అమ్మీకి డెబ్బై దాటాయి. చాలా ఏళ్ళుగా షుగరు, ఆపైన మోకాళ్ళ నొప్పులు. మొదట నమాజు కుర్చీలోకి మారింది. తర్వాత వీధి చివర ఉన్న మా పెద్దాపా ఇంటికి వెళ్ళడం మానేసింది. నడిస్తే నొప్పి. నడవకపోతే కాళ్ళలో బలం తగ్గి ఇంకా నొప్పి. ఇది మా ఒక్క ఇంటి కథ కాదు. మన దేశంలో పది కోట్ల మందికి పైగా షుగరు ఉందని ఐ.సి.ఎం.ఆర్. అధ్యయనం 2023లో లెక్క చెప్పింది. మన ఇళ్ళలో ఏ మూల చూసినా ఇలాంటి పెద్దవారు ఒకరు కనబడతారు.

డాక్టరుగారు చూసి, ఈ మోకాళ్ళకు కావలసింది విశ్రాంతి కాదు, కదలిక అన్నారు. తొడ కండరాలు గట్టిపడితే మోకాలి మీద భారం తగ్గుతుందని చెప్పి, వెనక్కి ఆనుకుని తొక్కే సైకిలు మంచిదన్నారు. దాన్ని రికంబెంట్ బైక్ అంటారు. కుర్చీలాంటి వెడల్పు సీటు, వీపుకు ఆనుడు, పెడళ్ళు ముందువైపు ఉంటాయి. కాలు ఎత్తి అవతలికి వేయనక్కర్లేదు. శరీరం బరువును సీటు మోస్తుంది, పడిపోతామన్న భయం తక్కువ. మేమంతా తలా కొంత వేసుకుని కొన్నాం.

బిగించడానికి వచ్చిన కుర్రవాడు తన పొడవుకు సీటు పెట్టి, తొక్కి చూపించి వెళ్ళిపోయాడు. అమ్మీ మొదటి రోజే పది నిమిషాలు తొక్కింది. పెడలు అందక నడుము సీటులోంచి ముందుకు జారుతూనే ఉంది. మర్నాటికి మోకాళ్ళు వాచాయి. “నాకొద్దు బేటా, ఎవరికైనా ఇచ్చేయండి” అంది. మూడు నెలలు దాని మీద తువ్వాళ్ళు ఆరేశాం. మేము మొదట సైకిలును తిట్టాం, తర్వాత అమ్మీది మొండితనం అన్నాం. సీటు సంగతి మాత్రం ఎవరమూ చూడలేదు.

చివరికి ఒక ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి, అమ్మీని కూర్చోబెట్టి, కాలిని పక్కనుంచి చూశారు. సీటు పిన్ను లాగి రెండు గాడులు ముందుకు జరిపారు. అంతే. ఆ రోజు ఆయన దగ్గర నేర్చుకున్నవి, తర్వాత మాకు అనుభవంలో తెలిసినవి చెబుతాము.

వీపు పూర్తిగా ఆనించి కూర్చోవాలి. పెడలు బాగా దూరంగా వెళ్ళినప్పుడు కూడా మోకాలు కొంచెం వంగే ఉండాలి. కాలు కర్రలా చాచుకుపోతే సీటు వెనకగా ఉన్నట్టు. మోకాలు మరీ పైకి లేచి పొట్టవైపు వస్తే సీటు ముందుకు ఎక్కువైనట్టు.

పెడళ్ళు బిగించేటప్పుడు వాటి మీద ఎల్, ఆర్ అక్షరాలు చూడండి. ఎడమ పెడలు మరకు ఎదురు తిరుగుతుంది, గడియారం ముల్లుకు వ్యతిరేకంగా తిప్పితేనే బిగుస్తుంది. బలవంతంగా ఎక్కిస్తే మర పోతుంది. నేల సమంగా లేకపోతే కింది కాళ్ళు తిప్పి ఊగకుండా సరిచేయాలి, అడుగున రబ్బరు చాప వేయాలి. చాలా మోడళ్ళలో బిగువు అయస్కాంతంతో వస్తుంది, తెరకు సెల్లులు చాలు. అలాంటిది కొంటే కరెంటు పోయినా ఇబ్బంది లేదు.

చీర కుచ్చిళ్ళు, దుపట్టా కొసలు, బురఖా అంచు పెడలులో చిక్కుకుంటాయి. ముందే సర్దుకుని దోపుకోవాలి. షుగరున్నవారు ఉత్త కాళ్ళతో తొక్కకూడదు. బూట్లు వేసుకోవాలి, దిగాక పాదాలు చూసుకోవాలి. చిన్న పుండయినా వారికి తెలియకపోవచ్చు. ఇన్సులిన్, మాత్రలు వాడేవారు ఖాళీ కడుపుతో తొక్కకుండా, చేతికందేలా గ్లూకోజు ఉంచుకోవాలి. రోజాలో ఉన్నప్పుడు ఇఫ్తారు అయి, తిన్నది కాస్త సర్దుకున్నాకే.

మొదటి వారం అయిదు నిమిషాలు, అన్నిటికన్నా తక్కువ బిగువు. తొక్కుతూ మాట్లాడగలగాలి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టు. నొప్పి దిగిన రెండు గంటలకూ తగ్గకపోతే మర్నాడు తగ్గించాలి. ఛాతీలో నొప్పి, కళ్ళు తిరగడం ఉంటే వెంటనే ఆపి డాక్టరును చూడాలి. గుండె జబ్బు ఉన్నవారు ముందే అడిగి మొదలుపెట్టాలి.

అమ్మీ ఇప్పుడు అసర్ తర్వాత ఇరవై నిమిషాలు తొక్కుతుంది. మొదటి రెండు వారాలు మాలో ఒకరం పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాం. ఆ కబుర్ల కోసమే ఆమె సైకిలు ఎక్కిందని మా అనుమానం. నొప్పులు పూర్తిగా పోలేదు, మాత్రలు మానలేదు, నమాజు ఇంకా కుర్చీలోనే. కాని కిందటి ఈదుకు చేతికర్రతో పెద్దాపా ఇంటికి నడిచి వెళ్ళింది. ఆపా గుమ్మంలో నిలబడి ఏడ్చేసింది.

బడిలో మాకు ఇది కొత్త కాదు. ఒకటో తరగతి పిల్లవాణ్ణి పదో తరగతి బెంచీ మీద కూర్చోబెడితే కాళ్ళు గాలిలో వేలాడతాయి, వాడు పలక మీద దృష్టి పెట్టలేడు. మనం వాడికి చదువు రాదంటాం. బెంచీ ఎవరూ చూడరు.

దాతలకు మా మనవి ఇదే. మీరు మంచాలు, వీల్‌చైర్లు, ఇలాంటి సైకిళ్ళు ఇస్తున్నారు. అల్లాహ్ మీకు మేలు చేయుగాక. వస్తువుతో పాటు ఒక గంట కూడా ఇవ్వండి. తీసుకున్నవారి కొలతకు సరిచేసే మనిషిని పంపండి. వారం తర్వాత మళ్ళీ ఒకసారి ఆ తలుపు తట్టండి. ఇల్లు చిన్నదైతే కుర్చీ ముందు పెట్టుకునే పెడళ్ళ పరికరం చాలు, అది చాలా చవక. ఒక మంచి సైకిలు మన కార్యాలయం గదిలో పెట్టి, ఆడవాళ్ళకు వేరే వేళలు కేటాయిస్తే పది ఇళ్ళకు ఉపయోగం.

బిగించడం నేర్చుకున్నాం కాబట్టి సెలవు రోజుల్లో ఆ పనికి మేము వస్తాము, ఇన్‌షా అల్లాహ్. ఒక్క పిన్ను లాగడానికి మా ఇంట్లో మూడు నెలలు పట్టింది. ఇంకో ఇంట్లో అంత పట్టకూడదు.

సెలవు. మా అమ్మీ కోసం దువా చేయండి.