చెరువు అడుగున దాగిన ఎరువు
(స్మారకోపన్యాసం)

కరువు చూసిన సిద్దిపేట నేల మనది. 2020లో చందలాపూర్ దగ్గర 3 టీఎంసీల రంగనాయకసాగర్, 2022లో 50 టీఎంసీల మల్లన్నసాగర్ జలాశయాలు వచ్చాయి. ఇక నీళ్లను చెడకుండా కాపాడుకోవాలి. నిలిచిన నీరు, ఎండ, ఎరువు ఒకచోట చేరితే చెరువు మీద పచ్చరంగు పోసినట్టు నాచు కమ్ముతుంది. అందులో మైక్రోసిస్టిస్ లాంటి సూక్ష్మజీవులుంటే కాలేయాన్ని దెబ్బతీసే విషం పుట్టవచ్చు. కాచినా అది పోదు. 2014 ఆగస్టులో అమెరికాలోని టొలీడోలో సుమారు 4 లక్షల మందిని కుళాయి నీళ్లు తాగొద్దని హెచ్చరించింది ఈ విషం వల్లనే.

నాచు కనిపించగానే మైలుతుత్తం చల్లమంటారు. నూరేళ్లకు పైబడిన పద్ధతి, చవకైనది, రెండు మూడు రోజుల్లో నీరు తేటపడుతుంది కూడా. కానీ చచ్చిన కణం పగిలి తనలోని విషాన్ని నీళ్లలోకి వదులుతుంది. 1979లో ఆస్ట్రేలియాలోని పామ్ ఐలాండ్‌లో తాగునీటి జలాశయంలో నాచు మీద మైలుతుత్తం వేశాక సుమారు 150 మంది జబ్బుపడ్డారు, వారిలో ఎక్కువమంది పిల్లలు. పైగా కుళ్లిన నాచులోని భాస్వరం మళ్లీ నీళ్లలోనే కలిసి మరో నాచు పంటకు ఎరువవుతుంది.

భాస్వరమే అసలు కీలకమని 1970లలో కెనడా శాస్త్రజ్ఞులు కళ్లకు కట్టారు. ఒక సరస్సును తెరతో రెండుగా విడదీసి, రెండు వైపులా కర్బనం, నత్రజని వేసి, ఒకవైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. పచ్చబడింది ఆ వైపే. సియాటిల్ పక్కనున్న వాషింగ్టన్ సరస్సులోకి మురుగు రాకుండా 1960లలో మళ్లిస్తే, మందు చల్లకుండానే కొన్నేళ్లలో అది తేరుకుంది. కాబట్టి మన పట్టణాల మురుగుకాలువ చెరువులో కలిసే ముందే శుద్ధి కావాలి. దీనికి ప్రత్యామ్నాయం లేదు.

మురుగు ఆపినా అడుగు మట్టిలో పాత భాస్వరం ఉండనే ఉంది కదా అంటే, నిజమే, ఉంది. అడుగున ప్రాణవాయువు తగ్గినప్పుడల్లా అది పైకి వస్తుంది. దీనికి మన ఊళ్లకు తెలిసిన ఉపాయమే గట్టిది: పూడిక తీసి పొలానికి తోలడం. 2015లో మొదలైన చెరువుల పునరుద్ధరణ పథకం మిషన్ కాకతీయలో రైతులు ట్రాక్టర్లతో తోలుకున్న ఒండ్రుమట్టితో పాటు నాచుకు ఆహారమయ్యే భాస్వరం కూడా చెరువు దాటింది. ఆ మట్టి వానకు మళ్లీ కొట్టుకొస్తుందనే మాట తోసిపుచ్చదగినది కాదు. గట్లు బలంగా ఉండాలి, మట్టి వేసిన మడిలో డీఏపీ బస్తాలు ఆమేరకు తగ్గాలి. పట్టణపు మురుగు పారిన చెరువు మట్టినైతే పరీక్షించనిదే పొలానికి తోలరాదు.

ఇంకో చిక్కు కొత్తది. వెనుక ఎండాకాలం చెరువు దానంతటదే ఎండి మట్టి తీయడానికి అనువుగా ఉండేది. ఇప్పుడు కాలువ నీళ్లతో ఏడాది పొడవునా నింపి ఉంచగలుగుతున్నాం. ఎండగట్టమంటే మత్స్యకారులు నష్టపోరా అంటారు. చేపపిల్లలు వదలక ముందే, ఏ చెరువును ఏ ఎండాకాలం ఖాళీ చేసేదీ మత్స్య సంఘాలతో, ఆయకట్టు రైతులతో కూర్చుని తేల్చుకుంటే, చేపలు పట్టుకున్నాక తూము తెరవవచ్చు.